పదహారు నెలలు, తొమ్మిది వాయిదాలు: పరువునష్టం కేసులో నా అనుభవం

2024 సెప్టెంబరు 5, గురువారం. ఎల్లుండే వినాయక చవితి. మా కర్రీ పాయింట్‌లో గుత్తివంకాయ దించుతుంటే పోస్ట్‌మ్యాన్ వచ్చి రిజిస్టర్డ్ కవరు చూపించి సంతకం పెట్టమన్నాడు. చేతులు కొంగుకు తుడుచుకుని పెట్టాను. అయినా కవరు మీద నూనె వేలిముద్ర పడింది. ఆ మరక ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

లోపల నాలుగు పేజీల లాయర్ నోటీసు. మా వార్డు మాజీ కార్పొరేటర్ పంపించాడు. నేను ఆయన పరువు తీశానట. వారం రోజుల్లో బహిరంగంగా క్షమాపణ చెప్పి, కోటి రూపాయలు నష్టపరిహారం కట్టాలి. కోటి అన్నచోట సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ రోజు మా గల్లాపెట్టెలో పదకొండు వందలు ఉన్నాయి.

మాది మదనపల్లె. బెంగళూరు తూర్పు వైపు ఒక పేటలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాం. పేట పేరు, వార్డు పేరు రాయను. ఇక్కడ కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరు 10తో అయిపోయింది. ఆ తర్వాత ఎన్నికలే జరగలేదు. అంటే ఇన్నేళ్లుగా మాకు కార్పొరేటర్ లేడు, మాజీ కార్పొరేటర్ మాత్రం ఉన్నాడు. వీధిలైటు దగ్గర్నుంచి కార్పొరేషన్ ఇచ్చే ఇంటి ఖాతా కాగితం దాకా ఆయన మాటే చెల్లుతుంది. ఏ పార్టీ అని అడుగుతారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆయన ఫ్లెక్సీల రంగు మారుతుంది. అంతకంటే రాయడం నాకు మంచిది కాదని ఈ పదహారు నెలల్లో నేర్చుకున్నాను.

ఇంతకీ నేను చేసిందేమిటంటే, ఆగస్టు వానలకు రాజకాలువ, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువ, పొంగి మా షాపులోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్ మోటారు కాలిపోయింది. ఆ కాలువ పూడిక తీసి గోడ కట్టామని 38 లక్షల బిల్లు పాసైనట్టు అంతకుముందే ఆర్టీఐలో నాకు జవాబొచ్చి ఉంది. గోడ మాత్రం లేదు. ఆగస్టు 18, ఆదివారం సాయంత్రం గ్రౌండ్‌లో మీటింగు పెట్టుకుంటే నేను మైకు పట్టుకున్నాను. ఎన్నికలొస్తే ఇండిపెండెంటుగా నిలబడదామని అప్పట్లో నాకు కొంచెం ఆశ కూడా ఉండేది. అక్కడ రెండు ముక్కలు మాట్లాడాను. ఒకటి, బిల్లయింది, పని కాలేదు. రెండు, ఆ డబ్బు ఎవరింటికి పోయిందో మన మాజీనే అడగండి. చప్పట్లు రెండో ముక్కకే పడ్డాయి. కేసు కూడా దానిమీదే పడింది.

ప్రతిపక్షం తరఫున మా వార్డులో తిరిగే కుర్రాడు ఆ వీడియోను పదిహేను గ్రూపుల్లో పెట్టాడు. నాకు నోటీసొచ్చిందని తెలిసిన అరగంటకు అన్నిట్లోంచీ తీసేశాడు. "అక్కా, మేమంతా మీ వెనకాలే ఉన్నాం" అన్నాడు ఫోన్లో. వెనకాలే ఉన్నారు, చాలా వెనకాల.

చవితి రోజు మా అబ్బాయి ఫోన్లో చదువుతూనే ఉన్నాడు. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజసేవ అనే శిక్ష కూడా చేర్చారు. "రోజూ రెండు వందల మందికి వండి పెడుతున్నావుగా, అది లెక్కలోకి రాదా?" అన్నాడు వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ క్రిమినల్ సెక్షన్ తీసేయాలని సుబ్రమణ్యస్వామి, రాహుల్ గాంధీ, కేజ్రీవాల్ ముగ్గురూ సుప్రీంకోర్టుకు వెళ్లారట. ఏ విషయంలోనూ కలవని ముగ్గురు! 2016 మే 13న కోర్టు సెక్షన్ ఉంటుందని చెప్పేసింది. తర్వాత ఆ రాహుల్ గాంధీకే మన పక్కనున్న కోలారులో 2019లో మాట్లాడిన మాటకు సూరత్ కోర్టు 2023 మార్చి 23న రెండేళ్లు వేసింది. మర్నాడే ఎంపీ పదవి పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చేదాకా తిరిగి రాలేదు. అంత పెద్దాయనకే అట్లయితే కర్రీ పాయింటు ఆవిడ సంగతేమిటని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

లాయరు దొరకడానికి మూడు రోజులు పట్టింది. మొదటివాళ్లిద్దరూ మాజీ పేరు వినగానే చేతిలో వేరే కేసులున్నాయన్నారు. మూడో ఆయన చింతామణి మనిషి. ఇంట్లో తెలుగు, కోర్టులో కన్నడ. నోటీసు చదివి, "అమ్మా, ఈ కోటి రూపాయల గురించి నీవు బెంగపడొద్దు. సివిల్ దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాల. అది ఆయన కట్టడు. క్రిమినల్ కంప్లెయింటుకు ఆ ఖర్చుండదు. అది వేస్తాడు చూడు" అన్నారు. అట్లాగే జరిగింది. కోటి మాట మళ్లీ వినపడలేదు.

ఇంకోటి కూడా అప్పుడే చెప్పారు. నిజం చెప్పానంటే సరిపోదు. అది నిజమని నేను చూపించాలి, జనం మేలు కోసం చెప్పానని కూడా చూపించాలి. మొదటి ముక్కకు ఆర్టీఐ కాగితం ఉంది. రెండోదానికి? "ఎవరింటికి పోయిందో అన్నావు చూడు, ఆ ఇంటి దాకా పోయే కాగితం మన దగ్గర లేదమ్మా." నోటీసుకు జవాబు రాసినందుకు 5,000 తీసుకున్నారు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఏమీ లేదు. ఆ నాలుగు నెలలే అన్నిటికంటే కష్టమనిపించాయి. షాపు ముందు ఖాకీ బట్ట కనబడితే గుండె ఝల్లుమనేది.

2025 జనవరి 21న ఖాకీ బట్ట నిజంగానే వచ్చింది. సరిగ్గా ఒంటిగంటకు, ముందు పన్నెండు మంది క్యూలో ఉండగా. కానిస్టేబుల్ పాపం మర్యాదగానే మాట్లాడాడు. కోర్టు నోటీసు ఇచ్చి, సంతకం తీసుకుని, ఫోన్లో నా ఫొటో ఒకటి తీసుకున్నాడు, నోటీసు అందినట్టు రుజువుకట. చేతిలో గరిటె అట్లాగే ఉంది. క్యూలో ఉన్నవాళ్లలో నలుగురు పార్సిల్ తీసుకోకుండానే వెళ్లిపోయారు. అందులో ఇద్దరు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

నోటీసు కన్నడంలో ఉంది. దాంట్లో ‘మాననష్ట మొకద్దమె’ అని ఉంటే మా అబ్బాయి పైకి చదివాడు. అదే సమయానికి స్పీకర్ ఫోన్లో మదనపల్లె నుంచి మా అమ్మ ఉంది. మాననష్టం అన్న మాట వినేసరికి ఆవిడ ఇంకేదో అనుకుని ఏడుపు మొదలుపెట్టింది. కన్నడంలో పరువునష్టాన్నే అట్లా అంటారని నచ్చజెప్పేసరికి పప్పు అడుగంటింది.

అది సమన్లు కాదు, ముందు మన మాట వినే నోటీసు. క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే కొత్త చట్టంలో (బీఎన్ఎస్ఎస్) 223 సెక్షన్ ప్రకారం, ప్రైవేటు ఫిర్యాదును కోర్టు విచారణకు తీసుకునే ముందు అవతలివాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసు ఏ దశలో ఇవ్వాలన్నది యత్నాళ్ కేసులో కర్ణాటక హైకోర్టు 2024 సెప్టెంబరు 27న తేల్చింది: ముందు ఫిర్యాది, సాక్షుల ప్రమాణ వాంగ్మూలం, ఆ తర్వాతే నోటీసు. అది కూడా పరువునష్టం కేసే, ఒక ప్రతిపక్ష ఎమ్మెల్యే మీద మంత్రి వేసింది. పెద్దవాళ్లు కొట్లాడుకుంటే చిన్నవాళ్లకు ఒకోసారి ఇట్లా మేలు జరుగుతుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం, మొదటిసారి కోర్టుకు వెళ్లాను. తెల్లవారుజామున మూడుకు లేచి కూరలు వండి, షాపు మా ఆయనకు అప్పజెప్పి, మెట్రోలో విశ్వేశ్వరయ్య స్టేషన్‌లో దిగి నృపతుంగ రోడ్డు దాకా నడిచాను. పదిన్నరకు రమ్మన్నారు, మూడూ పదికి పిలిచారు. కోర్టు హాలు గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పాను. లోపలున్న కానిస్టేబుల్ నవ్వి, "గుడి అల్లమ్మా, హాకొళ్లి" అన్నాడు. గుడి కాదమ్మా, వేసుకోండి అని. వేసుకుని వచ్చేసరికి నా పేరు పిలవడం అయిపోయింది. మా లాయరు సార్ పాస్ ఓవర్ అడిగారు, అంటే కాసేపాగి మళ్లీ పిలవమని. ఇంకో రెండు గంటలు.

వాదన ఏడు నిమిషాలు జరిగింది. మేజిస్ట్రేటు ఆర్టీఐ కాగితం తిప్పి చూశారు, ఏమీ అనలేదు. నేనాయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే అప్పటికి మా పేటలో మాజీ మనుషులు "జడ్జి మనవాడే, చూస్తుండండి" అని ప్రచారం మొదలుపెట్టారు. నాకేసి చూస్తే భయం, చూడకపోతే ఇంకా భయం.

బయట టీ తాగుతూ ఆ మాట సార్‌ను అడిగేశాను. ఆయనకు కోపం వచ్చింది. కిందికోర్టు జడ్జీల పోస్టింగులు, బదిలీలు రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం హైకోర్టు చేతిలో ఉంటాయని, మాజీ కాదు కదా మంత్రి కూడా చేయించలేడని చెప్పారు. "మరి ఒత్తిడే ఉండదా సార్?" అన్నాను. గ్లాసు బల్లమీద పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. 2017లో ఇక్కడి హైకోర్టులో సీనియర్ జడ్జి జయంత్ పటేల్‌ను అలహాబాదుకు బదిలీ చేస్తే ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, సార్ కూడా ఆ రోజు కోటు వేసుకోలేదు. 2022 జులైలో జస్టిస్ సందేశ్ ఏసీబీ కేసు వింటూ, తనకు పరోక్షంగా బదిలీ బెదిరింపు వచ్చిందని అందరి ముందూ కోర్టులోనే చెప్పారు. "చెప్పేవాళ్లుండారు కాబట్టే మనకు తెలిసింది" అన్నారు. అది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో నాకు అర్థం కాలేదు.

మార్చి 18న ఆర్డరు: విచారణకు తగిన ఆధారం ఉంది, సమన్లు ఇవ్వండి. ఏప్రిల్ 22కు రమ్మన్నారు.

ఇక్కడ ఎవరూ ముందు చెప్పని ఒక ఇబ్బంది ఉంది. ఈ సెక్షన్‌లో బెయిలు హక్కుగానే వస్తుంది, అరెస్టు భయం లేదు. కానీ జామీనుదారు కావాలి. కర్ణాటకలో పొలం ఉన్నవాళ్లయితే పహాణీ పట్టుకుని వస్తారు, ఇల్లున్నవాళ్లు కాగితాలు తెస్తారు. మనలాంటి ఆంధ్రా వాళ్లకు ఇక్కడ ఏముంటుంది? మా ఇంటి ఓనరుగారిని అడిగాను. పదకొండేళ్లుగా అన్నా అని పిలుస్తున్న మనిషి. "ఈ-ఖాతా పని ఆఫీసులో పెండింగ్ ఉందమ్మా, ఇప్పుడు ఆయనతో పెట్టుకోలేను" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. నాకు కోపం రాలేదు. ఆయన చోట నేనున్నా అదే చెప్పేదాన్నేమో. చింతామణి నుంచి మా ఆడపడుచు మామగారు వస్తానన్నారు. ఏప్రిల్ 22 పొద్దున ఆరింటి నుంచీ ఫోను స్విచ్ ఆఫ్. చివరికి సార్ క్యాష్ సెక్యూరిటీ అడిగితే కోర్టు 10,000 కట్టమంది. డబ్బు కట్టి, రసీదు తెచ్చి, బాండు రాసేసరికి సాయంత్రం అయిదు దాటింది. కోర్టుకు వెళ్లే రోజు చేతిలో డబ్బు, ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరు పెట్టుకోండి. నేను రెండే తీసుకెళ్లాను. పక్కన ఫొటో తీసేచోట అరగంట లైను.

ఈలోగా బదిలీల సీజన్‌లో మా మేజిస్ట్రేటు మారిపోయారు. జూన్ 17న వెళ్లేసరికి కుర్చీలో కొత్తావిడ ఉన్నారు. నా కాళ్లు చల్లబడ్డాయి. అనుకున్నంతా అయింది, మాజీ మార్పించేశాడనుకున్నాను. ఏటా ఎండాకాలంలో హైకోర్టు చేసే మామూలు బదిలీలేనని, ఆ భవనంలో ఇంకా చాలామంది మారారని సార్ పేపరు చూపించారు. అయినా రెండు వారాలు నమ్మకం కుదరలేదు. ఆవిడ ఆ రోజు నన్ను ముందుకు పిలిచి, ఆరోపణ చదివి వినిపించి, ఒప్పుకుంటారా అని కన్నడంలో అడిగారు. నేను నోరు తెరిచేలోపు తెలుగులో "అర్థమైందా అమ్మా?" అన్నారు. ఒప్పుకోను అన్నాను.

ఆ తర్వాత అసలు తమాషా మొదలైంది. ఇప్పుడు మాజీ వచ్చి బోనులో నిలబడి సాక్ష్యం చెప్పాలి, మా సార్ ప్రశ్నలు అడగాలి. ఆగస్టు 5న ఆయన రాలేదు, ఢిల్లీలో పార్టీ పని. సెప్టెంబరు 23న వైరల్ జ్వరం. అదే రోజు పొద్దున ఆయన వాట్సాప్ స్టేటస్‌లో దసరా పందిరి దగ్గర రిబ్బను కట్ చేస్తున్న ఫొటో. మా అబ్బాయి స్క్రీన్‌షాట్ తీస్తే సార్ మెమో వేశారు. ఆవిడ చదివి, అవతలి లాయరు వైపు ఒక్కసారి చూసి, పక్కన పెట్టారు. రాకపోతే నాకైతే వారంటు. ఆయన రాకపోతే ఇంకో తేదీ. నేను వెళ్లిన ప్రతి మంగళవారం షాపుకు 3,000 దెబ్బ. ఒకసారి పిలవకుండానే వాయిదా పడింది. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఉండే నంబరు, కొట్టి చూసుకోవడం అప్పుడు నేర్చుకున్నాను. మీరు మొదటిరోజే నేర్చుకోండి.

అక్టోబరులో మధ్యవర్తి వచ్చాడు. మాకు కూరగాయలు వేసే అతనే. "అక్కా, ఒక నిమిషం వీడియో చాలంట. తప్పుగా అర్థం చేసుకున్నానని చెప్తే వాపసు తీసుకుంటాడంట." మూడు రోజులు ఆలోచించాను. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే అనడం. నాలుగో రోజు రాత్రి షట్టరు సగం దించి, ఫోను పెరుగు డబ్బాకు ఆనించి వీడియో తీసుకున్నాను. మొదటిసారి గొంతు పట్టేసింది. రెండోసారి బాగానే వచ్చింది. చూసుకుంటే నా వెనకాల గోడ మీద వరద నీళ్లు నిలిచిన చార స్పష్టంగా కనబడుతోంది. సున్నం రెండుసార్లు వేసినా పోలేదు అది. జరిగి, వేరే గోడ దగ్గర కూర్చున్నాను. అక్కడా ఉంది. షాపంతా చుట్టూ ఉంది. డిలీట్ చేసి, గిన్నెలు తోముకుని పడుకున్నాను.

నవంబరు 11న ఆయన రాలేదు. ఆఖరి అవకాశం అన్నారు మేడం. డిసెంబరు 16న ఆయనా రాలేదు, గైర్హాజరు పిటిషనూ లేదు. పాత చట్టంలో ఫిర్యాది రాకపోతే ఆ రోజే నన్ను వదిలేసి ఉండొచ్చట. కొత్త చట్టంలో ఆయనకు 30 రోజుల గడువివ్వాలి. సరే, ఇన్ని నెలలు ఆగినవాళ్లం. 2026 జనవరి 20న మూడుసార్లు పిలిచారు ఆయన పేరు. అటెండరు గుమ్మం బయటికి వెళ్లి, వరండా రెండు వైపులా తిరిగి, గట్టిగా పిలిచి వచ్చాడు. ఎవరూ లేరు. నన్ను నిర్దోషిగా వదిలేస్తున్నట్టు మేడం రెండు వాక్యాలు చెప్పి, తర్వాతి ఫైలు తీశారు.

నేనక్కడే నిలబడి ఉన్నాను. ఇంకేమైనా చెప్తారేమోనని. సార్ మోచేతి దగ్గర తట్టి బయటికి తీసుకొచ్చారు.

కాపీ తీసుకున్నాను. రెండు పేజీలు. ఫిర్యాది హాజరు కాలేదని ఉంది. కాలువ గురించి ఒక్క మాట లేదు, 38 లక్షల గురించి లేదు. నేను చెప్పింది నిజమో అబద్ధమో ఎవరూ తేల్చలేదు. నా ఆర్టీఐ కాగితానికి సాక్ష్యంగా నంబరు కూడా పడలేదు. మాజీ హైకోర్టులో అప్పీలుకు అనుమతి అడగొచ్చని సార్ చెప్పారు కానీ అడగడనే ఆయన నమ్మకం. అడగాల్సిన అవసరమేముంది? మా వార్డు గ్రూపులో ఇప్పుడు అడ్మిన్లు మాత్రమే రాయగలరు. ఆదివారం మీటింగులు ఆగిపోయాయి. 2025 సెప్టెంబరులో బెంగళూరు మొత్తానికీ ఉన్న కార్పొరేషన్ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, వార్డుల గీతలు మళ్లీ గీశారు. నిలబడతారా అక్కా అని అడిగేవాళ్లు లేరు. నేనూ ఆ మాట ఎత్తడం లేదు.

ఖర్చు రాస్తానన్నాను కదా అని మా ఆయన గుర్తుచేశారు. నోటీసు జవాబుకు 5,000, వకాలతు నుంచి బెయిలు దాకా 25,000, తొమ్మిది వాయిదాలకు రెండేసి వేలు, కాపీలూ జిరాక్సులూ స్టాంపులూ 3,500, షాపు నష్టం ఎనిమిది రోజులకు 24,000. మొత్తం ముప్పావు లక్ష దాటింది.

క్యాష్ సెక్యూరిటీ 10,000 వాపసు వస్తుంది, దానికి వేరే అర్జీ పెట్టాలి. పెట్టాం. బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సు కావాలన్నారు. తీసుకెళ్తే గుమాస్తా చూసి, నా పేరులో ఒక అక్షరం కోర్టు రికార్డుతో కలవడం లేదని, ఆధార్‌తో మంగళవారం రమ్మన్నాడు.